లైసట్ డాక్టరమ్మ పాలకొట్టు

ఐర్లండ్‌లోని లిమరిక్ ఊళ్లో వెన్న వ్యాపారి లైసట్‌కి ఎత్నా ఒక్కతే కూతురు. ఆడపిల్ల శవాలు కోయడమేమిటని బంధువులు బుగ్గలు నొక్కుకుంటున్నా డబ్లిన్ వెళ్లి డాక్టరై వచ్చింది. మొదట్లో మగవాళ్లెవరూ ఆమె గడప తొక్కలేదు. నది పక్క సందుల్లోని తల్లులు మాత్రం పిల్లల్ని శాలువాల్లో చుట్టుకుని వచ్చేవారు. వేసవి వస్తే చాలు, చెడిపోయిన పాలు తాగి ఆ పసివాళ్లు పిట్టల్లా రాలిపోయేవారు. అది చూడలేక, తండ్రి పోయాక ఆయన గోదాం ఖాళీ చేయించి, పేదపిల్లలకి ఊరికే పాలు పోసే కొట్టు పెట్టింది. పాలు కాస్తే వాటి బలం పోతుందని ఆ రోజుల్లో డాక్టర్లే అనేవారు. ఆమె కూడా పచ్చిపాలే పోయించింది.

ఒక ఆగస్టులో రోజూ కొట్టుకి వచ్చే నోనీ హార్టిగన్ కొడుకు మలకీకి జ్వరం తగులుకుంది. పొట్ట మీద గులాబీ రంగు మచ్చలు చూడగానే అది టైఫాయిడ్ అని ఎత్నాకి తెలిసిపోయింది. పక్క సందులో మరో బిడ్డ కూడా అదే జ్వరంతో మంచం పట్టింది. పంపు నీళ్లేమో అనుకుంది. కానీ అవే నీళ్లు తాగే ఎదురింటి పిల్లలు నిక్షేపంగా ఆడుకుంటున్నారు. వాళ్లు ఆమె కొట్టు పాలు తీసుకోరు.

అంటే తప్పు తన పాలదే కావచ్చు. పైకి చెబితే తల్లులు మళ్లీ ఆ చెడు పాలకే పోతారు. రుజువు దొరికేదాకా ఆగుదామనుకుంది. కొట్టు ముందు కూజాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లని చూశాక ఆగలేకపోయింది.

"ఇవాళ పాలు లేవు. ఇంట్లో ఉన్నవి పారబోసేయండి. ఈ జ్వరం నా పాల వల్లే వచ్చిందేమో."

"మీ పాల వల్లా?" నోనీ ముందుకొచ్చింది. "దేవుడి తర్వాత నిన్నే నమ్మాం కదే తల్లీ! నా చేత్తో నేనే తాగించానే!"

ఎత్నా బండి కట్టించుకుని, కొట్టుకి పాలు పంపే రైతు గార్వీ దగ్గరికి పోయింది.

"ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

"మా మరదలికి కాస్త ఒళ్లు వెచ్చబడింది, అంతే. అయినా పాలు పితకడం మానలేదు పాపం."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదమ్మా."

మలకీ చావు అంచు దాకా వెళ్లి బతికాడు. పక్క సందు బిడ్డ దక్కలేదు. చర్చి లోపలికి వెళ్లే ధైర్యం లేక, శవపేటిక బయటికి వచ్చేదాకా ఎత్నా గేటు దగ్గరే వానలో నిలబడింది.

పెద్ద రాగి కాగు తెప్పించి, పాలు కాయించి, కొట్టు మళ్లీ తెరిచింది. ఎవరూ రాలేదు. ఎదురు చూసి చూసి, ఇక తలుపు వేసేద్దామనుకుంటుండగా నోనీ వచ్చింది.

"ముందు మీరు తాగండి. చూస్తాను."

ఎత్నా గ్లాసు ఖాళీ చేసింది. తొందరలో కాసిని పాలు గౌను మీద ఒలికాయి.

"పిల్లలకంటే అధ్వాన్నం!" అంటూ నోనీ కూజా చాపింది.

నెమ్మదిగా మిగతావాళ్లూ వచ్చారు. ఆ తర్వాతి ఎండాకాలాల్లో అంతకుముందులా చిన్న శవపేటికలు లేవలేదు. ఊరు మెచ్చుకుంది. ఎత్నా మాత్రం ముసలిదయ్యేదాకా, ఏ పసిబిడ్డ కనిపించినా ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. పక్క సందు తల్లి మళ్లీ ఆ కొట్టుకి రాలేదు. దారిలో ఎదురైతే ఎత్నాయే పక్కకి తప్పుకునేది.