మూడు వందల మీటర్ల గడియారం

లె లోక్ల్ ఊళ్లో ఒడిల్ పెర్నే పేరెత్తితే గడియారాల పనివాళ్లు నవ్వి, ఆవిడ వింటోందేమోనని అటూ ఇటూ చూస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్లు మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్న మనిషి. చేతిలో ఎప్పుడూ డైవింగ్ గడియారాలే. మూడు వందల మీటర్ల లోతులోనూ చుక్క నీరు పోనివ్వవు. పక్కనుండే కీ పిడిని మర తిప్పి బిగించాలి. రాయి తగిలి జరిగినా, డైవరు సిలిండర్లో మిగిలిన గాలిని ఎక్కువ చేసి చూపించకుండా, నీట గడిపిన నిమిషాలు లెక్కపెట్టే పై అంచు ఒకవైపే తిరుగుతుంది. లోపల అర్ధచంద్రం లాంటి బరువొకటి, చెయ్యి ఊగితే తానూ ఊగి స్ప్రింగుకి కీ ఇస్తుంది.

ఇంత చేసి పంపితే కొనేదెవరు? స్నానాల తొట్టి దాటి నీళ్లెరగని ఘనులు. పైగా "ఆగిపోతోంది" అని తిప్పి పంపడమొకటి. ఒడిల్ దాన్ని వారం రోజులపాటు, చెయ్యి ఊగినట్టు తిప్పే యంత్రానికి తగిలించేది. నిక్షేపంగా నడిచేది. అప్పుడు చీటీ రాసి పెట్టేది: "గడియారం బాగుంది. చెయ్యి కదపండి."

"కాస్త మర్యాదగా రాయొచ్చుగా అక్కా," అనేది పక్క బల్ల నదేజ్.

"సోఫాలో నానేవాడికి మర్యాదొకటా? గోడ గడియారం కొనుక్కోమను."

రిటైరైన రోజున కంపెనీవాళ్లు వైన్ పోసి, అలాంటి గడియారమే ఆవిడ మణికట్టుకి కట్టారు. మూడో వారం ఒక పొద్దున చూస్తే ఆగిపోయి ఉంది. కీ ఇచ్చింది. మర్నాటికి మళ్లీ ఆగింది. ఒడిల్‌కి ఒళ్లు మండింది. ఈ చేతులు ఊరికే కూర్చున్నాయని ఎవడైనా అనగలడా? తనకి అంటగట్టింది తాలు సరుకు, అది రుజువు చేసి తీరాలి.

కిటికీ పక్క కుర్చీలోంచి లేచి, మంచులో నడిచి వెళ్లి నదేజ్ బల్ల మీద పడేసింది.

"బరువు ఎక్కడో పట్టేస్తోందే. నిన్నగాక మొన్న చేరినవాళ్లు బిగించుంటారు. విప్పి చూడు."

"చూస్తాలే అక్కా. వారం పడుతుంది, నీకు తెలియనిదా."

ఆ వారమంతా ఒడిల్ అదే కుర్చీలో కూర్చుని, వీధిలో పోయేవాళ్ల నడకలకి వంకలు పెట్టింది. ఎనిమిదో రోజు పొట్లం వచ్చింది. గడియారం నడుస్తోంది. మణికట్టుకి పెట్టుకుని, అడుగునున్న చీటీ తీసింది. నదేజ్ మర్యాదస్తురాలు, ఒక్క మాట చేర్చింది: "గడియారం బాగుంది. దయచేసి చెయ్యి కదపండి."

చీటీ నలిపి విసిరికొట్టడానికి ఒడిల్ చెయ్యెత్తింది. లోపల బరువు గిర్రున తిరిగిన చప్పుడు ఆవిడకి స్పష్టంగా వినిపించింది.