సాయన్న వద్దనలేదు

ఏళ్లుగా ఒక మాట మింగలేక కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పట్లో నేను బోధన్‌లో క్షయ రోగులకు మందులు మింగించే పని చేసేవాణ్ని. గోలీలు ఇంటికి ఇచ్చి పంపకూడదు, నా ఎదుటే మింగాలి. కొన్నాళ్లకు ఇంకో పని తోడైంది. క్షయ ఉన్నవాళ్లకు నచ్చజెప్పి హెచ్.ఐ.వి. పరీక్షకు పంపాలి. పరీక్ష గది వరండా చివర ఉండేది. ఫలితం రహస్యమే. కానీ ఆ గదిలో అడుగుపెట్టిన మనిషిని మందుల కోసం కూర్చున్నవాళ్లంతా చూసేవారు. సాయంత్రానికి బీడీలు చుట్టే వాకిళ్లన్నిటికీ కబురు చేరేది.

సాయన్న చెరుకు లారీ నడిపేవాడు. భార్య పేరు గంగమణి. దగ్గుతో వచ్చాడు, క్షయ అని తేలింది. ఆ రోజుల్లోనే అతని తమ్ముడికి మా చెల్లెలిని ఇవ్వాలని మాట కుదిరింది. చెల్లెలికి అబ్బాయి నచ్చాడు. మా అమ్మ ముఖంలో చాలాకాలానికి నవ్వు చూశాను. సాయన్న నన్ను అప్పటినుంచే బావా అని పిలవసాగాడు.

క్షయ నయమవుతుందని మావాళ్లకు చెప్పగలను, చెప్పాను కూడా. ఆ గది గురించి ఏమని చెప్పాలి? అతను అందులోకి వెళ్లాడని తెలిస్తే ఈ సంబంధం నిలుస్తుందా? ఇలా ఆలోచిస్తూ అతన్ని పరీక్షకు పంపకుండా రోజులు దొర్లించాను.

ఒకరోజు గోలీలు మింగి, గ్లాసు కింద పెట్టి, తనే అడిగాడు.

"బావా, గా రక్తం పరీక్ష అందరికి చేస్తున్నరట గదా. నేను గూడ చేయించుకోవాల్నా? గంగమణి కడుపుతోని ఉన్నది."

"గా పరీక్ష నీ అసుంటోళ్లకు కాదు బావా. ఇంటికి పో."

నవ్వాడు. బరువు దిగినట్టు నవ్వాడు. డాక్టర్ అడిగితే "వద్దన్నడు సార్" అని చెప్పాను.

పెళ్లి బాగానే జరిగింది. సాయన్న కోలుకున్నట్టే కోలుకుని, మళ్లీ మంచాన పడి చనిపోయాడు. అతన్ని నిలబెట్టే మందు అప్పటికి మా దగ్గర లేదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ బిడ్డకు సోకకుండా కాన్పప్పుడు తల్లికిచ్చే మందు ఉంది. మా ఆసుపత్రిలోనే ఉంది. గంగమణి కాన్పు మాక్లూర్‌లో, పుట్టింట్లో అయింది. ఆమెకు పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. నోరు తెరిస్తే ముందాడిన అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. పాపకు జబ్బు చేశాక తల్లికీ బిడ్డకూ ఉందని తేలింది. పాప నడక రాకముందే పోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. ఎందుకు రాదు?

గంగమణి మందులు వాడుతూ బతికే ఉంది, చెల్లెలి వాళ్ల ఇంట్లోనే. నేను వెళ్తే అన్నం వడ్డిస్తుంది. "మా ఆయనకు ఈ అన్ననే దగ్గరుండి గోలీలు మింగిపిచ్చిండు" అని పక్కవాళ్లకు చెబుతుంది. నేను తల వంచుకుని పప్పు కలుపుకుంటాను. నిజం చెబితే చెల్లెలి కాపురం ఏమవుతుందో అనుకుంటాను. అది కూడా సాకేనా? సాకే.

క్షమించమని అడగను. ఆమెకు చెప్పకుండా మీకు చెప్పడం పిరికితనమే. అయినా ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలి. సాయన్న వద్దనలేదు. నోరు తెరిచి అడిగాడు. వద్దన్నది నేను.