పొద్దు గూకే గుట్ట

మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగం ఇంగ్లండ్ వాళ్లకు ఇంగ్లండ్ చూపించడం. నవ్వకండి, నిజంగానే. అక్కడి చిన్న టూరిస్టు కంపెనీ ఒకటి మా ఆఫీసుకు పని ఇచ్చేది. వారం రోజులు కారు వేసుకుని కొండల్లో, పాతకాలం ఊళ్లలో తిరగాలనుకునే భార్యాభర్తలకు పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో, ఏ దారి పట్టాలో, టీ ఎక్కడ తాగాలో, రాత్రికి ఎక్కడ దిగాలో మేం రాసి పంపాలి. అప్పటికి నేను చేసిన పెద్ద ప్రయాణం యాదగిరిగుట్టకు. అదీ ఆర్టీసీ బస్సులో, కిటికీ పక్క సీటు దొరక్కుండా.

అయినా ఆ పని నాకు పిచ్చి పట్టించింది. వాళ్లు పంపిన రోడ్డు మ్యాపుల పుస్తకం ముందేసుకుని యార్క్‌షైర్ కొండల మీద వేలు జరుపుకుంటూ పోయేదాన్ని. రోడ్డు ఎక్కడ నిటారుగా ఎక్కుతుందో బాణం గుర్తులు చెప్పేవి. ఇక్కడ రాతి వంతెన, అక్కడ పాత చర్చి, అది దాటితే గొర్రెల మందలు. ఆ ఊళ్లలో ఇంటికి కిటికీ మార్చాలన్నా సర్కారు పర్మిషన్ కావాలని గైడు పుస్తకంలో చదివి నోరెళ్లబెట్టాను. సరిగ్గా అప్పుడే మా ఆఫీసు కిటికీ అద్దాలు దడదడలాడాయి. హైటెక్ సిటీ చుట్టుపక్కల కొత్త బిల్డింగుల కోసం రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవారు. చప్పుడు ఆగగానే కీబోర్డు మీది దుమ్ము ఊదుకుని మళ్లీ పనిలో పడేవాళ్లం.

ఆ మ్యాపులో ఒక గుట్ట మీద నా మనసు పడింది. పైన రాతి బెంచీ, కింద లోయ, లోయలో ఊరు. సూర్యాస్తమయానికి పేరున్న చోటని గైడు పుస్తకం చెప్పింది. జన్మలో ఒక్క సాయంత్రం ఆ బెంచీ మీద కూర్చుంటే చాలనిపించేది. మా మేనేజరుది గుంటూరు, ఆశ పెట్టడంలో దిట్ట. "నీ మొదటి ప్లాను కస్టమర్లకు నచ్చిందంటే, రోడ్లు చూసి రావడానికి నిన్నే పంపిద్దామమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకుని పాస్‌పోర్టుకు అప్లై చేసేశాను.

ఇంట్లో చెప్తే నాయిన బర్రె పాలు పిండుతూ పకపకా నవ్వాడు.

"ఏంది బిడ్డా, గుట్ట చూడనీకి ఇమానమెక్కి పోతవా? మన గుట్ట ఏం పాపం చేసింది?"

మన గుట్ట అంటే కొండాపూర్ బయట, మాదాపూర్ దిక్కున ఉన్న బండల గుట్ట. నాయిన బర్రెలను దాని కిందే మేపేవాడు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేనూ ఎక్కేదాన్ని. పైన మంచమంత చదును బండ ఒకటి, పగలంతా కాగి సాయంత్రానికి గోరువెచ్చగా ఉండేది. దాని మీద కూర్చుంటే మా ఊరి ఇళ్ల మీదుగా, నల్లగండ్ల దిక్కున పొద్దు గూకేది. ఉద్యోగంలో చేరాక ఎక్కడం మానేశాను. ఇంటికొచ్చేసరికి చీకటి పడేది, ఆదివారాలేమో నిద్రకే చాలేవి కావు. ఎండాకాలం వచ్చేసరికి నాయిన కూడా ఆ ఎగతాళి మానేశాడు. అలవాటైపోయిందిలే అనుకున్నాను.

నా మొదటి ప్లాను ఒక పెద్దవయసు జంటకు, జూన్ నెలలో. ప్రాణం పెట్టి రాశాను. ఏ రోజూ రాహుకాలంలో బండి కదలకుండా చూశాను. సోమవారమైతే తొమ్మిది దాటాకే బయలుదేరాలి, శుక్రవారమైతే పదిన్నర లోపే. ఎందుకో వాళ్లకు చెప్పలేదనుకోండి. ఆఖరి సాయంత్రం నా గుట్టకు ఇచ్చాను. ఆఫీసు గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో ఆ రోజు సూర్యాస్తమయం చూసుకుని, ఆరున్నరకల్లా బెంచీ మీద కూర్చోండి, పావు తక్కువ ఏడుకు సూర్యుడు అస్తమిస్తాడు, చూసి దిగి భోంచేయండి అని రాశాను. అందరికీ ఉన్నది ఒక్క సూర్యుడే కదా, వేళ కూడా ఒకటే అనుకున్నాను. మేనేజరు చదివి బ్రహ్మాండం అన్నాడు.

అక్కడ జూన్‌లో తొమ్మిదిన్నర అయితే గానీ పొద్దు గూకదట. వాళ్ల దేశపు సూర్యుడి సంగతి వాళ్లకు తెలియదా? తెలుసు. కానీ కాగితం మీద అంత కచ్చితంగా ఉంటే, ఎదురు కొండ చాటుకు ముందే పోతాడేమో అనుకున్నారట. ఇదిగో ఇప్పుడు, అదిగో అప్పుడు అని చూస్తూ కూర్చుని, కిందికి దిగేసరికి హోటల్లో వంటగది మూసేశారు. ఆకలితో పడుకున్న వాళ్లు కంపెనీకి ఫోన్ చేశారు, కంపెనీ మా మేనేజరుకు చేసింది.

"ఎంత పని చేశావమ్మా! సూర్యుడికి కూడా మన టైమే పెట్టేశావా?" అని తల పట్టుకున్నాడు.

కంపెనీ వాళ్లను బుజ్జగించడానికి ఇంగ్లండ్‌కు ఆయనే వెళ్లాల్సి వచ్చింది. అదే వారం నా పాస్‌పోర్టు వచ్చింది. ఖాళీ పేజీలు తిప్పి చూసుకుని బాత్రూములో కుళ్లి కుళ్లి ఏడ్చాను. అంత కోరిక పెట్టుకోవడం తప్పేమో అని కూడా అనిపించింది.

ఆయన తిరిగొచ్చి నా బల్ల మీద ఒక ఫోటో పెట్టాడు. నా గుట్టే. రాతి బెంచీ, దాని మీద ఆ జంటలో ముసలాయన కోటు, చుట్టూ పట్టపగల్లాంటి ఎండ. ఆ రోజు పావు తక్కువ ఏడుకు ముసలావిడ తీసిందట.

"కోపం చల్లారాక బాగా నవ్వుకున్నారమ్మా. ఆ అమ్మాయి ఊళ్లో ఈ వేళకు పొద్దు ఎక్కడ గూకుతుందో ఒక ఫోటో పంపమనండి, చూస్తాం అన్నారు" అన్నాడు.

నా కడుపు నిండిపోయింది. నేను పోలేకపోతేనేం, నా గుట్ట ఇంగ్లండ్ పోతుంది అనుకున్నాను. పక్క సీటు అమ్మాయిని అడిగి కెమెరా తెచ్చుకుని, ఆదివారం సాయంత్రం నాయినను లేపాను.

"ఇయ్యాల వద్దు బిడ్డా, మబ్బు పట్టింది" అన్నాడు.

"మబ్బు ఏడుంది నాయినా? లే."

రోడ్డు మీంచి చూస్తే గుట్ట గుట్టలాగే ఉంది. కెమెరా మెడలో వేసుకుని ముందు నడిచాను. నాయిన వెనకబడ్డాడు. ఎప్పుడూ ఎక్కే వైపుకు తిరిగేసరికి కర్రలకు కట్టిన ఎర్రగుడ్డలు కనిపించాయి, వాటి వెనక పెద్ద గొయ్యి. గుట్టను అటు నుంచి తొలిచేసుకుంటూ వచ్చారు. పగిలిన రాయి లోపల తెల్లగా ఉంది. నా చదును బండ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఎప్పటి సంది నాయినా?"

"ఎండకాలం నుంచి."

"మరి నాకు చెప్పలే?"

"నువ్వు రోజూ ఆ ఇంగ్లండ్ గుట్ట ముచ్చట చెప్తుంటే ఇంట్ల మంచిగుండె బిడ్డా. ఇది చెప్పి నిన్నెందుకు పరేషాన్ చేయాలె అనుకున్న."

కీబోర్డు మీంచి రోజూ నేను ఊదేసిన దుమ్ము గుర్తొచ్చింది. కెమెరాను కవర్లో పెట్టేశాను. పొద్దు మాత్రం క్యాలెండర్‌లో వేసిన వేళకే గూకింది. అది చూడడానికి ఎక్కడ నిలబడాలో తెలియక ఇద్దరం రోడ్డు మీదే నిలబడ్డాం.