జేబులో పెన్ను

ముంచింగిపుట్టు సంతకు వెళ్ళే ముందు మా ఊరి లైబ్రరీలో ఏజెన్సీ కొండప్రాంతం గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. కొండవాళ్ళు బిడియస్తులనీ, కొత్తవాళ్ళతో మాట్లాడరనీ ఒకదానిలో ఉంది. సంతలో నేను దగ్గరికి వెళ్ళగానే ఎక్కడి మాటలు అక్కడ ఆగిపోతుంటే, నేను చదివింది నిజమేననుకున్నాను. అయినా సంతోషం కలగలేదు. ఆ కొండల్లోకి వచ్చి రెండు రోజులైనా నాతో ఎవరూ నాలుగు మాటలు మాట్లాడలేదు.

పాడేరు జీపు కోసం అరుగు మీద కూర్చున్నాను. రాగుల మూటతో పక్కన కూర్చున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఆఫీసు బాబూ నీది? మా భూములు కొలవడానికొచ్చినావా?"

"కాదమ్మా. ఊరికే చూసిపోదామని వచ్చాను."

"మరి జేబులో ఆ పెన్నేటి? పెన్నెట్టుకొచ్చినోడు ఏదో ఒకటి రాసుకుపోతాడు. నిన్ను సూసే అందరూ నోర్లు మూసుకున్నారు."

చదువుకున్నవాడిలా కనిపించాలని ఆ పెన్ను రోజూ పెట్టుకుంటాను. తీసి సంచిలో వేశాను. ఆమె తన వెనక ఉన్నావిడతో వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. వాళ్ళకు బిడియం ఏ కోశానా లేదు. తరువాత ఆమె మూట జరిపి నన్ను దగ్గరికి రమ్మంది.

"ఇంటికాడ ఎవులున్నారు నీకు?"

"ఎవరూ లేరు."

ఆమె నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది.

"అయితే అందుకా, సంతకొచ్చినావు?"

ఊరికే వచ్చానని మళ్ళీ చెప్పలేకపోయాను.