గోడకి అడ్డం నిలబడే మనిషి

పాత బజారులో అద్దె ఇల్లు కావాలంటే ఎవరైనా వెలుతురక్క దగ్గరికి రావలసిందే. ఆమె ఇళ్ళ బ్రోకరు. చీకటి కొట్టు చూపించినా "అబ్బ, వెలుతురు చూడండి!" అంటుంది కనుక ఆ పేరు పడింది. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.

ఎక్కడ నిలబడాలో తెలియడమే ఆమె విద్య. ఆ వీధిలో మేడలన్నీ ముత్తాతల నాటివి. చెమ్మ పట్టని గోడ, కిర్రుమనని మెట్టు వెతికినా దొరకవు. వెలుతురక్క ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తలుపు తీయగానే తిన్నగా వెళ్ళి చెమ్మ మచ్చకి వీపు ఆనించి నిలబడేది. నేల పగిలినచోట సంచీ పెట్టేది. కుళాయి గుర్రుమంటే సరిగ్గా అప్పుడే దగ్గేది. అబద్ధం ఒక్కటీ ఆడేది కాదు. నిజానికి అడ్డం నిలబడేది, అంతే.

అలాంటి మనిషికి ఉన్న గూడు పోయే రోజొచ్చింది. ఆమె ఉంటున్న వాటా పడగొట్టి దుకాణాలు కడతానని యజమాని చెప్పేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇక్కడ ఇల్లు దొరక్కపోతే ఊరి చివర తమ్ముడింటికి పోవాలి. అక్కడ మరదలు చెంచా ఏ వైపు తిప్పి పెట్టాలో కూడా చెబుతుంది. పైగా అంత దూరం పోయాక ఈ వీధిలో బ్రోకరు పని ఇంక చేసినట్టే!

ఆమె కన్ను మూలమేడ పైవాటా మీద ఉంది. దానికి వీధంతా కనబడే కిటికీ ఒకటుంది. ఎంతోమందికి ఆ వాటా చూపించింది. చూపించిన ప్రతిసారీ ఆ కిటికీ దగ్గర కాసేపు ఎక్కువే నిలబడింది. ఇప్పుడది ఖాళీ. కానీ "నాకే కావాలి" అనడానికి నోరు రాలేదు. ఇళ్ళు చూపించేదానికే ఇల్లు లేదంటే వీధి వీధంతా నవ్వదూ?

ఆమె ఇలా నీళ్ళు నములుతుండగానే ఆ మేడ ఇంటావిడ కబురు పెట్టింది. "వెలుతురూ, ఎవరో కొత్తగా పెళ్ళయినవాళ్ళొచ్చారు. పైవాటా చూపిద్దువు గానీ రా. నేనూ వస్తాలే."

వెలుతురక్క సంచీ తీసుకుని బయల్దేరింది. మెట్లెక్కుతుంటే ఒక ఉపాయం తట్టింది. ఇన్నేళ్ళూ దాచినవన్నీ ఇవాళ బయటపెడితే సరి, వీళ్ళే పారిపోతారు.

తలుపు తీసి, చెమ్మ మచ్చకి బారెడు దూరంలో నిలబడింది.

"ఇదిగో, చెమ్మ. వానాకాలంలో ముట్టుకుంటే చెయ్యి తడుస్తుంది."

ఆ పిల్ల గోడ ముట్టుకుంది. "ఎంత పాతదో కదండీ!" అంది మొగుడితో, ముచ్చటపడిపోతూ.

"ఆ కుళాయి తిప్పండి బాబూ. ఎలుగుబంటి గురకే."

అతను తిప్పాడు. కుళాయి గుర్రుమంది. "అలారం ఖర్చు తప్పింది," అన్నాడు.

"ఈ మెట్లమీద మంచం ఎక్కదు. కిందటివాళ్ళు తాళ్ళు కట్టి కిటికీలోంచి లాగారు."

"మాకు మంచమే లేదక్కా!"

వెలుతురక్కకి ఇంక చెప్పడానికి ఒక్కటే మిగిలింది. "వెలుతురు... వెలుతురు కూడా పెద్దగా రాదు," అంది. ఆ మాట అనేసరికి ప్రాణం పోయినంత పనైంది.

గుమ్మంలో ఆయాసపడుతున్న ఇంటావిడ హడలిపోయింది. "ఏమేవ్, ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"చాలా ఇళ్ళు చూశామండీ," అన్నాడు అతను ఇంటావిడతో. "ఉన్నదున్నట్టు చెప్పిన బ్రోకరు ఈవిడొక్కరే. ఇదే ఖాయం చేసుకుంటాం."

వెలుతురక్క కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెళ్ళి కిటికీకి అడ్డం నిలబడింది.

"అదీ విరిగిందా అక్కా?" అంది పిల్ల.

"లేదమ్మా. ఇది బావుంటుంది." కిటికీ రెక్క గట్టిగా పట్టుకుంది. "అందుకే... ఈ వాటా నాకు కావాలి. నెలాఖరయితే నాకు ఇల్లు లేదు."

ఎవరూ నవ్వలేదు. కుళాయి మాత్రం ఇంకోసారి గుర్రుమంది. వెలుతురక్క దగ్గడం మర్చిపోయింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది ఇంటావిడ. "ఆ ముక్క కిందే చెప్పి ఏడవచ్చుగా? నా మోకాళ్ళ ఉసురు పోసుకున్నావు! నీకివ్వక ఎవరికిస్తానే?"

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. "సరే అక్కా, ఇది మీరే ఉంచుకోండి," అంది పిల్ల. "మాకు ఇంకోటి చూపించండి. కానీ ఇలాగే, ఉన్నదున్నట్టు."

"ఒట్టు!" అంది వెలుతురక్క. ఆ పూట ఎవరేమడిగినా ఒట్టేసేదే.

వాళ్ళు మెట్లు దిగుతుంటే ఇంటావిడ పైనుంచి కేకేసింది. "దాని మాట వినకండర్రా, ఎక్కడ నిలబడుతుందో చూసుకోండి!"

సాయంత్రం పక్క సందులో ఇంకో వాటాకి తీసుకెళ్ళింది. తాళం తీసింది. తిన్నగా ఎదురుగోడ దగ్గరికి వెళ్ళి, వీపు ఆనించి, రెండు చేతులూ చాపింది.

"అబ్బ, వెలుతురు చూడండి!"

పిల్ల చేతులు కట్టుకుంది.

"అక్కా, కాస్త పక్కకి జరుగుతారా?"