స్తంభానికి ముస్తాబు

ఆ రోజుల్లో పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే కదలని వస్తువులన్నిటికీ సున్నం కొట్టేవాళ్లం. రోడ్డు పక్క రాళ్లకు కొట్టేవాళ్లం, చింతచెట్ల మొదళ్లకు కొట్టేవాళ్లం. పని ఎలా ఉందో ఎవడికి కావాలి, కంటికి బాగుంటే చాలు. అరవైల మొదట్లో ముత్తుకూరు పక్క కాలువ మీద వంతెన కడుతున్నప్పుడు ఆ బుద్ధే మా కొంప ముంచబోయింది. మేస్త్రి మా మేనమామ. నేను ఆయన కింద కాంక్రీటు కలిపే కూలీని. స్తంభం పోసిన రోజు వాన కొట్టింది. అది సరిగా గట్టిపడిందో లేదోనని పైవాళ్లకు అనుమానం. మద్రాసు నుంచి ఇంజనీరు ఒక స్ప్రింగు సుత్తి తెస్తాడనీ, స్తంభాన్ని పగలగొట్టకుండానే అది బలం చెబుతుందనీ, తక్కువని చెబితే మాత్రం స్తంభమంతా మేమే పగలగొట్టాలనీ కబురొచ్చింది.

మామ ముందురోజే స్తంభానికి పల్చగా సిమెంటు పూత పూయించి, తాపీతో అద్దంలా నునుపు చేయించాడు. ఇసుక మోసే పెద్దక్క నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసి, "ఏంది మేస్త్రీ, పెళ్లిచూపులా? పూలు గూడా పెట్టేదా?" అంది.

"నువ్వు పోయి ఇసక మొయ్యి. దొర చెయ్యి పెడితే జారాల!" అన్నాడు మామ.

ఇంజనీరు వచ్చాడు. సుత్తి అన్నారు గానీ అదొక గొట్టం. స్తంభానికి ఆనించి నొక్కితే లోపలిది టక్కున కొట్టి వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరితే స్తంభం అంత గట్టి. పక్కన ముల్లు అంకె చూపిస్తుంది. (నాకు అప్పటికి అంకెలు రావు. చదువు నలభై దాటాక అబ్బింది. అందుకని ఇంజనీరు మొహమే చూస్తూ నిలబడ్డాను.) మొహం మాడింది. ఇంకోచోట నొక్కాడు, ఇంకా మాడింది. మామ కళ్లు మూసుకొని, "ప్రభువా, నీ చిత్తం... గానీ పగలగొట్టించబాక" అన్నాడు పైకే.

"దీనిమీద ఏం పూశారయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"ఏం లేదు సార్, మర్యాదకి రవంత సిమెంటు."

"అయితే నేను ఇంతసేపూ కొట్టింది మీ మర్యాదనా! గీకండి!"

గీకాం. సానరాయితో రుద్దాం. అసలు కాంక్రీటు నల్లగా, గరుకుగా బయటపడింది. మళ్లీ నొక్కితే ఈసారి సుత్తి గట్టిగా తన్నుకొని వెనక్కొచ్చింది. ఇంజనీరు మొహం విచ్చుకుంది. "ఉండనివ్వండి" అన్నాడు.

"నేను ముందే అనుకున్నా సార్" అన్నాడు మామ.

మొన్న గుండె చూపించుకోవడానికి నెల్లూరు ఆసుపత్రికి పోతూ గడ్డం గీసుకొని, మొహానికి పౌడరు అద్దుకున్నాను. "డాక్టరు చూసేది అది కాదు మామయ్యా" అని కోడలు నవ్వింది. నాకు తెలీదా? తెలిసే, మెడకు కూడా కాస్త అద్దుకున్నాను.