కెల్‌గార్త్ వారి గడప

హార్క్‌డేల్ లోయలో నిలబడి ‘ఆల్డర్సన్’ అని కేకేస్తే సగం తలుపులు తెరుచుకుంటాయి. అందుకని అక్కడ ఎవరినీ ఇంటిపేరుతో పిలవరు, పొలం పేరుతో పిలుస్తారు. వాగవతల నోరా, గట్టుమీద టామ్, ఇలాగన్నమాట. ఒక్క హెస్టర్‌కే ఆ బెడద లేదు. కెల్‌గార్త్ అనే ఇంటిపేరున్నది లోయ మొత్తానికీ ఆవిడ ఒక్కతే. కవరు మీద ఆ పేరు కనిపిస్తే చాలు, పోస్టుమాన్ ఊరి పేరైనా చదవకుండా బండిని ఆవిడ గుమ్మం వైపు తిప్పేవాడు. ఈ సంగతి హెస్టర్ వారానికి రెండుసార్లయినా ఎవరో ఒకరికి చెప్పేది. గర్వం కాదా అంటే గర్వమే. ఆవిడకు అది నప్పింది కూడా.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. “చేసుకుంటే నేనూ ఓ ఆల్డర్సన్‌నవుతాను, ఎందుకొచ్చిన గొడవ” అనేది. నలభై ఏళ్ళు రాతిగోడలు కట్టింది. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి, అంతే. గొర్రె దూకకూడదు, గాలి తోయకూడదు, మనవడి కాలానికి కూడా గోడ నిలబడి ఉండాలి. ఆడమనిషి గోడ కడుతుందా అని మొదట్లో పళ్ళికిలించిన రైతులే తరవాత తరవాత ఆవిడ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని నెలల తరబడి కాచుక్కూచున్నారు.

పని నేర్పింది తండ్రి జాబెజ్. కొండమీది భూములన్నీ ఉన్న ఎస్టేటులో కూలికి గోడలు కట్టిన మనిషి, మాటలు తక్కువ. ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: చేతిలోకి తీసుకున్న రాయిని మళ్ళీ కింద పారెయ్యకు, దానికి గోడలో చోటు వెతుకు. చోటు లేని రాయి ఉండదు, చూడని కన్ను ఉంటుంది అనేవాడు. పెద్ద మంచు పడి లోయలో గోడలన్నీ కూలిన ఏడాది, ఎస్టేటు వారి పై పచ్చికలో ఆయన కట్టిన గోడను ఇప్పటికీ పక్క లోయల వాళ్ళు వచ్చి చూసిపోతారు. అప్పుడు హెస్టర్‌కు తొమ్మిదేళ్ళు. గోడ మధ్యలో నింపే చిన్న రాళ్ళు అందించింది తనే.

ఆ గోడకు ఒక్కటే వంక. గోడ దాటడానికి నాలుగు మెట్లున్నాయి. ఒక్కో మెట్టూ గోడను ఈ పక్క నుంచి ఆ పక్కకు పట్టుకుని రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చిన పొడుగురాయి. అందులో మూడోది లోపలికి వాలి ఉంటుంది. వాన నీళ్ళు బయటికి జారిపోకుండా గోడ కడుపులోకే పోతాయి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా చెయ్యని తప్పది. తోటి పనివాళ్ళు ఎగతాళి చేస్తే జాబెజ్ మారు పలికేవాడు కాదు. కూతురు ఆ మెట్లెక్కబోయినప్పుడల్లా మాత్రం, “కాళ్ళు తుడుచుకో, పిల్లా” అనేవాడు. చుట్టూ గొర్రెల పెంటికలు, బురద, మైలు దూరంలో ఇల్లన్నది లేదు. ఇంకే గోడ దగ్గరా ఆ మాట అనేవాడు కాదు. నాన్నకు వచ్చిన ఒకే ఒక్క జోకు అది అనుకునేది హెస్టర్.

ఇలా ఉండగా ఒక మార్చి నెలలో ఇమోజెన్ అనే అమ్మాయి లీడ్స్ నుంచి వచ్చింది. ఇంటిపేర్ల మీద పరిశోధన. హెస్టర్ వంటింట్లో కూర్చుని, రెండో ముక్క అల్లం కేకు నములుతూ లెక్కలు విప్పింది.

“దేశం మొత్తం మీద కెల్‌గార్త్‌లు పద్నాలుగు మందే ఉన్నారండీ.”

“అంతేనా? ఇరవై దాకా ఉంటామనుకున్నానే!”

“అంతే. కానీ ఒకటి చెప్పనా? స్మిత్‌లు లక్షల్లో ఉంటారు, ఎందుకంటే కొలిమి ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఒక స్మిత్, అంటే కమ్మరి, పుట్టాడు. వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం ఉండక్కర్లేదు. మీరలా కాదు. కెల్ అంటే పాత మాటల్లో ఊట. గార్త్ అంటే చుట్టూ గోడ ఉన్న పెరడు. ఆరువందల ఏళ్ళ కిందటి పన్నుల చిట్టాలో ‘కెల్‌గార్త్‌లో ఉండే విలియం’ అని ఒక్కడే ఉన్నాడు. మీ పద్నాలుగు మందీ ఆ ఒక్క గుమ్మంలోంచే బయటికొచ్చారు.”

హెస్టర్ టీ కప్పు కింద పెట్టింది. “ఆ గుమ్మం ఎక్కడమ్మాయ్?”

“నాకూ అదే కావాలి. కొండమీద ఊట పక్కన రాళ్ళగుట్ట ఉందటగా?”

ఉంది. కెల్‌గార్త్ దొడ్డి అంటారు. మోకాలెత్తు రాళ్ళు, మధ్యలో దురదగొండి. అది గొర్రెల్ని తోలే దొడ్డి అనే హెస్టర్ కూడా పుట్టినప్పట్నుంచీ అనుకుంటోంది. చిక్కేమిటంటే ఎస్టేటు వాళ్ళూ అలాగే అనుకున్నారు. ఆ మిగిలిన రాళ్ళు ఎత్తించి కొత్త బండిదారికి పరవాలని ఊరి కౌన్సిల్‌కు కాగితం పెట్టారు. ఒకప్పుడు మనుషులు కాపురమున్న ఇల్లయితే కౌన్సిల్ ముట్టుకోనివ్వదు. ఉత్త దొడ్డయితే అడ్డు చెప్పదు. తీర్పు గురువారం.

ఎస్టేటు మేనేజరు ఫెన్విక్ నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు, బూట్లకు ఎప్పుడూ మట్టి అంటనివాడు. హెస్టర్ వెళ్ళి అడిగితే కుర్చీ వేసి మరీ కాదన్నాడు.

“మిస్ కెల్‌గార్త్, మీ పేరు మీద నాకు గౌరవమే. కానీ మా పటాల్లో అది దొడ్డి. ఇల్లనడానికి ఏదీ ఆధారం? ఒక పొయ్యిరాయి, ఒక గడప, ఏదైనా ఒక్కటి చూపించండి, నేనే కాగితం వెనక్కి తీసుకుంటాను.”

“మాటిచ్చినట్టేనా?”

“ఇచ్చినట్టే.”

హెస్టర్ మూడు రోజులు ఆ రాళ్ళగుట్టలో వెతికింది. తనకు పిల్లల్లేరు. మిగతా పదముగ్గురూ ఎక్కడెక్కడో పట్నాల్లో ఉన్నారు, ఈ కొండ మొహం చూసినవాళ్ళు కారు. తను పోయాక లోయలో ఆ పేరు చర్చి వెనక సమాధిరాళ్ళ మీద మాత్రమే ఉంటుంది. పుట్టిన చోటయినా నిలవాలి. అది బండి చక్రాల కింద కంకరయితే తట్టుకోలేననిపించింది ఆవిడకు.

రాళ్ళను చదవడం వచ్చిన మనిషి గనక మొదటి రోజే ఒకటి అర్థమైంది. మూలరాళ్ళు లేవు, పొయ్యిరాయి లేదు, గడప లేదు. మంచి రాయన్నది ఒక్కటి మిగల్లేదు. ఎవరో రాళ్ళ సంగతి తెలిసినవాడే ఏరుకుపోయాడు. మూడో రోజుకు ఆ తెలిసినవాడెవరో కూడా అర్థమైంది. పై పచ్చిక గోడ అక్కడికి అరమైలు కిందే ఉంది. ఆ ఏడాది రాయి ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి తెమ్మని ఎస్టేటు వారి హుకుం. తన చిన్న చేతులతో అందించిన రాళ్ళు ఎక్కడివో అప్పుడు ఎందుకు అడగలేదా అని హెస్టర్ తనను తాను తిట్టుకుంది.

తిన్నగా నోరా ఇంటికి వెళ్ళి కూలబడింది. నోరా బడినాటి నేస్తం, కౌన్సిల్‌లో మెంబరు కూడా.

“మా నాన్నే, నోరా! మా ఇంటిని మా నాన్నే ఊడబీకాడు.”

“కూలికి పనిచేసే మనిషి తెమ్మంటే తెచ్చాడు. తేనంటే మీకు ఆ వారం తిండెక్కడిదే?”

“తెచ్చాడు సరే. నాతో ఒక్క మాట అనొద్దూ? నీ పేరు ఇక్కడిదే అని?”

“మీ నాన్న ‘వానొస్తోంది’ అనడానికే వారం ఆలోచించేవాడు. పొయ్యి మీద సూపుంది, తాగి ఏడు.”

హెస్టర్ సూపు తాగింది గాని కోపం చల్లారలేదు. మర్నాడు బుధవారం, వాన. నాన్న కట్టిన గోడ దగ్గరికి వెళ్ళి, అటూ ఇటూ పోయి నిలబడింది. నాన్నను కడిగేద్దామని వచ్చింది, కానీ గోడను ఏం కడుగుతుంది? మూడో మెట్టు మీద పడిన నీళ్ళు ఎప్పటిలాగే లోపలికి పోతున్నాయి.

ఆవిడ అలాగే చూస్తూ ఉండిపోయింది. నాన్న అలా వాల్చి పెట్టడు. తాగి పెట్టినా అలా పెట్టడు. వంగి మెట్టు రెండు కొసలూ చేత్తో తడిమింది. కొసలు మట్టంగానే ఉన్నాయి. వాలింది రాయి కాదు, దాని పైభాగం. గోడకు దగ్గరయ్యేకొద్దీ లోపలికి అరిగి ఉంది. మనుషులు అడుగు వేసేది బయటికి పొడుచుకొచ్చిన చోట గాని గోడలోపల కాదు కదా! మరి లోపలి రాయిని ఏ కాళ్ళు అరగదీశాయి?

గురువారం పఠనాలయంలో కౌన్సిల్ కూర్చుంది. హెస్టర్ కూర్చోలేదు.

“నా ఆధారం ఇక్కడికి రాదు. మనమే దాని దగ్గరికి వెళ్ళాలి. ఫెన్విక్ గారూ, ఆ బూట్లతో వస్తారా, మోసుకెళ్ళమంటారా?”

కౌన్సిల్ మెంబర్లు ఏడుగురూ, ఫెన్వికూ, వాళ్ళ వెనక ఇమోజెనూ, కొండెక్కారు. గోడ దగ్గర హెస్టర్ కోటు విప్పి నోరా చేతికిచ్చి పైవరస రాళ్ళు దించడం మొదలుపెట్టింది. అందరూ కొయ్యబారిపోయారు. జాబెజ్ గోడను ముట్టుకోవడమంటే ఆ లోయలో మాటలు కాదు. దించిన ప్రతి రాయినీ గడ్డి మీద వరసగా, ఉన్న క్రమం తప్పకుండా పేర్చుకుంటూ పోయింది.

నోరా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “తప్పయితే ఏం చేస్తావే?”

“తప్పయితే మా నాన్న గోడను ఊరందరి ముందూ కూల్చినదాన్నవుతాను. తప్పు కాదులే, జరుగు.”

గంటసేపట్లో గోడ మూడో మెట్టు దాకా దిగింది. ఆఖరి రాయి తీసి, నింపుడు రాళ్ళు చేత్తో ఊడ్చేసి పక్కకు జరిగింది.

మెట్టుగా పెట్టిన ఆ పొడుగురాయి నడుమ, సరిగ్గా గోడ కడుపులో ఉన్న భాగంలో, పళ్ళెంలా నాలుగు వేళ్ళ లోతు గుంట. నున్నగా, గిన్నె అంచులా అరిగి ఉంది. దానికి ఓ జానెడు పక్కన తలుపు కొయ్య తిరిగేందుకు తొలిచిన గుండ్రటి చిన్న గుంట.

“యాభై తొమ్మిదేళ్ళుగా ఈ చోట గాలి కూడా ఆడలేదు. గొర్రెల దొడ్డికి గడకర్ర అడ్డం పెడతారు, తలుపు పెట్టరు. ఇది గడప, ఫెన్విక్ గారూ. కాలు పెట్టి చూడండి” అంది హెస్టర్.

ఫెన్విక్ కాసేపు తటపటాయించి, గోడ సందులోకి వచ్చి, ఆ గుంటలో అడుగు పెట్టాడు. సరిగ్గా పట్టింది. ఆయన తల దించుకునే, “ఎన్ని వందల ఏళ్ళు తొక్కితే ఇలా అరుగుతుందండీ?” అన్నాడు.

“మా వాళ్ళు తొక్కినన్ని” అంది హెస్టర్.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. కాగితం అక్కడికక్కడే చించేశాడు. పఠనాలయానికి తిరిగి వెళ్ళాల్సిన పని లేకుండా గోడ పక్కనే ఏడు చేతులూ లేచాయి.

దిగేటప్పుడు నోరా అడిగింది. “అది గడపని మీ నాన్నకు తెలిసే ఉంటుందంటావా?”

“తెలిస్తే చెప్పేవాడు” అంది హెస్టర్. అంత గెలిచినా ఆ ఒక్క ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది.

నెల తిరిగేలోపు గడపను కొండమీదికి చేర్చారు. ఎస్టేటు బండే లాక్కెళ్ళింది, ఫెన్విక్ బురదలో మడమల దాకా దిగి నెట్టాడు. దాని చోట గోడలో హెస్టర్ కొత్త మెట్టు పెట్టింది, నీళ్ళు బుద్ధిగా బయటికే జారేలాగా. దించిన రాళ్ళన్నీ ఎక్కడివక్కడ పేర్చింది. ఊట పక్కన, గుమ్మానికి మిగిలిన రెండు గోడ మొదళ్ళ మధ్య, గడపరాయి సర్దుకు కూర్చుంది. ఇమోజెన్ ఉత్సాహం పట్టలేక మట్టికాళ్ళతో దాని మీదికి ఎక్కబోయింది.

“ఆగమ్మాయ్! కాళ్ళు తుడుచుకో” అని కసిరింది హెస్టర్.

అని, అలాగే నిలబడిపోయింది.

“ఏమైందే?” అంది నోరా.

హెస్టర్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎస్టేటుకు ఎదురు చెప్పలేని మనిషి, చేతికొచ్చిన గడపను పారెయ్యలేక, దాని మీదుగా తన కూతురు నడిచే చోటు వెతికి పెట్టాడు.

“చెప్పాడే నోరా” అంది చివరికి. “రోజూ చెప్పాడు.”

తరవాత గడ్డి మీద ఎడమకాలు, కుడికాలు శుభ్రంగా తుడుచుకుని, గడప దాటి, పైకప్పు లేని ఇంట్లోకి వెళ్ళింది.